ఐదో వరసలో ఖాళీ గడి

అమల చేతిపనిలో తప్పు దొరికింది.

నాగవేణి మొదట నమ్మలేదు. బస్సు పూతలపట్టు దాటి కుదుపుల్లేని పెద్ద రోడ్డెక్కాక, ఒళ్లో సంచి సర్దుకుని, నమూనాకని తెచ్చుకున్న చదరాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి ఇంకోసారి లెక్కపెట్టింది. జానెడు చదరం. క్రోషా సూదితో నడుమ దారాన్ని సున్నాలాగా చుట్టి, అక్కడి నుంచి వరస మీద వరస చుట్టూ తిరుగుతూ పెంచుకుంటూ పోవాలి. అంతా గడులే. దారంతో నింపిన గడి, నింపకుండా వదిలిన గడి, ఈ రెండిటితోనే నాలుగు రేకుల పువ్వు తేలాలి. మూడు రేకులు నిండుగా తేలాయి. నాలుగో రేకులో, ఐదో వరసలో, మూడో గడి నిండాల్సింది పోయి ఖాళీగా ఉంది. చిటికెనవేలి గోరు పట్టేటంత కన్నం. ఆ కన్నంలోంచి చూస్తే రోడ్డు పక్క మామిడితోట ఒకటి ఇటు నుంచి అటు పోయింది. మూడోసారి లెక్కపెట్టింది. తప్పే. అబ్బ, ప్రాణానికి ఎంత చల్లగా ఉందో! పక్క సీట్లో తిరుమల పోయే ముసలమ్మ లేకపోతే పైకే నవ్వేసేది. చచ్చిపోయి ఇరవై ఒక్క ఏళ్లయిన మనిషి తప్పు పట్టుకుని సంబరపడటం ఏం బుద్ధి అని ఎవరైనా అడిగితే అడగనీ. పంతొమ్మిదేళ్లుగా ఆమె పొగడ్తలు విన్న చెవులు ఎవరివి, అడిగేవాళ్లవా?

అమల అంటే నాగవేణి మొగుడు మునిశేఖర్ మొదటి పెళ్లాం. కూతురు రాజశ్రీకి నాలుగేళ్లప్పుడు జ్వరం తగిలి నాలుగు రోజుల్లో పోయింది. ఆ తరవాత రెండేళ్లకు గూడూరు నుంచి నాగవేణిని చేసుకొచ్చారు. చిత్తూరు ఇంట్లో కుడికాలు పెట్టి ఇంకా పసుపు బట్టలైనా మార్చుకోలేదు, ఆడబిడ్డ శకుంతలమ్మ చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకుపోయి ట్రంకుపెట్టె మూత ఎత్తింది. నగలేమో అనుకుంది నాగవేణి, పిచ్చిది. కలరా ఉండల వాసనలో, తెల్లటి అల్లిక చదరాలు, ఒకదాని మీద ఒకటి. "సూడు నాగవేణీ, మా అమల సేతిపని. నలభై ఎనిమిది అల్లింది. ఇంకొక్కటి అల్లింటే, ఏడు వరసల దుప్పటి నిండిపోయేది. ఆ ఒక్కటీ కాకముందే దేవుడు పిలుచుకునేసినాడు. యాడన్నా ఒక్క తప్పు సూపించు సూద్దాం?" అంది. కొత్తకోడలు ఏం చూపిస్తుంది, తల ఊపింది. ఆ తల ఊపడం పంతొమ్మిదేళ్లు ఆగలేదు. అమల చెయ్యి పడితే ఉలవచారు అట్ల ఉండేది, ఊపు. అమల వేసిన ముగ్గు వానకు కూడా చెరిగేది కాదు, ఊపు. అయితే ఒదినగారూ, ముగ్గుపిండిలో సిమెంటు కలిపేదా అని అడుగుదామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. రాకుండా మింగింది. మింగి మింగి అదంతా ఎక్కడో కడుపులో ఒక మూల పేరుకుని, ఇదిగో ఈరోజు ఈ కన్నం కనబడేసరికి కదిలింది.

సూది మళ్లీ చేతిలోకి తీసుకుంది. తన చదరం కూడా సరిగ్గా అక్కడికే వచ్చింది, ఐదో వరసకు. చిత్తూరు బస్టాండులో కిటికీ సీటు పట్టుకుని కూర్చున్నప్పుడు మొదలుపెట్టింది. తిరుపతిలో దిగేలోపల ఎనిమిదో వరస కూడా అయిపోవాలి, కొస దాచేసి, మడిచి సంచిలో పెట్టేసి, ఏమీ ఎరగనట్టు దిగాలి. శకుంతలమ్మ ముందర కూర్చుని అల్లే ఖర్మ పట్టకూడదు. ఆమె రెండ్రోజుల ముందే రాజశ్రీ ఇంట్లో దిగిపోయి ఉంటుంది, అద్దాలు ముక్కు మీదికి జార్చుకుని "అట్ల కాదు, అమల ఇట్ల పట్టుకునేది సూదిని" అంటుంది. ఈ సూది కూడా అమలదే, మరి! దాని కథ దానిది. మునిశేఖర్ డిపోలో బస్సుల మెకానిక్. పెళ్లయిన మూడో ఏడు ఒకరోజు అతని టూల్ బాక్సు కడుగుదామని తీస్తే స్పానర్ల కింద ఈ ఉక్కు సూది. ఇదేంది ఈడ అంటే, "స్ప్రింగులు లాగడానికి పనికొస్తాది" అన్నాడు, తలెత్తకుండా. పదహారేళ్లయింది ఆ మాట అని. నిజంగా స్ప్రింగులకేనా, లేక పెట్టెలో పెళ్లాం సూది ఉంచుకుంటే డిపోలో పొద్దు పోతుందా? ఏడ్చేవాడైతే తెలుసు, తాగేవాడైతే తెలుసు, ఈ మనిషి రెండూ కాదు. కూర బాగుంటే బాగుండాది, ఉప్పెక్కువైతే బాగుండాది అంటాడు. ఆమెతో కూడా ఇంతేనా, ఆమెతో ఇంకో మాట ఏదైనా ఉండేదా, ఆ మాట ఏదో తెలిస్తే చాలు, ఒక్క మాట, తనకేం చెప్పనక్కర్లేదు, ఊరికే తెలిస్తే చాలు. మొన్న అల్లికకని సూది అడిగితే గ్రీజు తుడిచి, ఇంకోసారి తుడిచి, పంచె కొసతో మూడోసారి తుడిచి ఇచ్చాడు. ఆ మూడోసారి ఎందుకు? సూది నడుమ బొటనవేలు ఆనేచోట లోహం అరిగి నున్నగా ఉంది. నాగవేణి బొటనవేలు అక్కడ ఇమడదు. కొంచెం పైన పట్టుకుంటే గాని చెయ్యి ఆడదు. అయినా పంతానికి అక్కడే పట్టుకుని అల్లుతోంది.

బతికున్న సవతి అయితే కొళాయి దగ్గర బిందె అడ్డం పెట్టి పోట్లాడుకోవచ్చు. ఈమెతో ఎలా పోట్లాడేది? నాగవేణికి మోకాళ్లు పట్టేశాయి, కళ్లకు చత్వారం వచ్చింది, నడుము కొలత రెండుసార్లు మారింది. అమలకు ఇరవై ఆరు. ఎప్పుడూ ఇరవై ఆరే. కొలత అంటే గుర్తొచ్చింది, ఆ దర్జీ! కాపురానికొచ్చిన కొత్తలో జాకెట్టు కుట్టించుకుందామని బజారు వీధి దర్జీకి గుడ్డ పంపితే, ఆయన పుస్తకంలో 'డిపో శేఖర్ భార్య' అని రాసున్న పాత కొలతకు కుట్టి పంపాడు. చేతుల దగ్గర ఎక్కలేదు. ఎక్కినంత ఎక్కించి, ఊపిరి బిగపట్టి, అద్దంలో చూసుకుని, విప్పేసి, ఆ రాత్రి అన్నం తినలేదు. ఎవరితోనూ చెప్పలేదు. ఏమని చెప్తుంది, ఆమె నాకంటే సన్నం అని ఏడ్చినాననా? ఆ జాకెట్టు కుట్లు విప్పి వదులు చేసుకుని తొడుక్కుంది. పక్కన ఆ పాత కుట్టు గీత కనబడుతూనే ఉండేది. అల్లిక కూడా ఆమెది అంత బిగువే. శకుంతలమ్మ చెప్పడం కాదు, తనూ చూసింది ఆనాడు ట్రంకుపెట్టెలో, చదరం ఎత్తి పట్టుకుంటే వంగేది కాదు, అట్టముక్కలా నిలబడేది. నాగవేణిది వదులు చెయ్యి. గూడూరు బళ్లో క్రాఫ్టు టీచరు అప్పుడే చెప్పింది, నీ కుట్లు గాలాడతాయే అని. అందుకే ఇప్పుడు పళ్లు బిగించి, దారాన్ని చూపుడువేలికి రెండు చుట్లు చుట్టి లాగి లాగి అల్లుతోంది, వేలు మీద ఎర్రగా గీత పడిపోయింది.

ఎందుకింత తంటా అంటే రాజశ్రీ కోసం. ఆ పిల్లకు ఇప్పుడు ఏడో నెల, రేపు పొద్దున తిరుపతిలో అత్తగారింట్లో సీమంతం. ఆ దుప్పటి కుర్చీ మీద పరుచుకుని దాని మీద కూర్చుంటుందట. పదిరోజుల కిందట నాగవేణి చూడబోయినప్పుడు, శకుంతలమ్మ కూడా అక్కడే ఉండగా, రాజశ్రీ లోపలికి పోయి, పెళ్లప్పుడు తనతో తెచ్చుకున్న ట్రంకుపెట్టెలో చాలాసేపు ఏరి ఏరి ఒక చదరం తెచ్చి చేతిలో పెట్టింది. పెట్టెలో మిగిలిన పాత దారం ఉండ కూడా పెట్టింది, ఒక్క చదరానికి బొటాబొటీగా సరిపోయేంత. "నలభై తొమ్మిదోది నువ్వే అల్లల్ల చిన్నమ్మా. అచ్చం దీనిమాదిరే ఉండాల, వీసం తేడా రాగూడదు" అంది. పక్కనుంచి శకుంతలమ్మ "అమల సేతికి సాటి రావాలంటే ఎట్ల వస్తాదే పాపం" అంది. ఆ పాపం ఎవరి మీదో తెలియకపోవడానికి నాగవేణి ఏం చిన్నపిల్లా? బస్సెక్కి చిత్తూరు వచ్చేదాకా ఏడుపు ఆపుకుంది. ఆరేళ్ల పిల్లప్పటి నుంచి తల దువ్వి, పేలు చూసి, పరీక్షలకు పక్కన కూర్చుని మేలుకుని, పెద్దమనిషైననాడు నువ్వులూ బెల్లమూ దంచి పెట్టి, పెళ్లిలో అల్లుడి కాళ్లు కడిగి ఇచ్చిన మనిషికి ఆ పిల్ల అప్పజెప్పిన పని ఏంటయ్యా అంటే, నువ్వు చేసినట్టు తెలియకుండా చెయ్యి. నీ చెయ్యి కనబడకూడదు. తన కడుపున ఇంకో బిడ్డ పుట్టి ఉంటే ఇంత మంట ఉండేది కాదేమో. పుట్టలేదు. ఉన్న ఒక్కతీ ఇది. జడ వేసేటప్పుడు, కొత్తల్లో, "మా అమ్మ ఇట్ల లాగదు" అనేది. ఆ మాటకు మర్నాటి నుంచి చెయ్యి వదులు చేసుకుంది. వదులు చేస్తే బడికి పోయేసరికి జడ ఊడిపోయేది. అప్పుడు "మా అమ్మ జడ ఊడదు" అనేది. ఎట్ల గెలిచేది చెప్పండి?

"ఎవరికి మా, అంత ముద్దుగా అల్లతా ఉండావు?" అంది పక్క సీటు ముసలమ్మ. తల్లో పూలు లేవు, జుట్టు విప్పి ఊరికే ముడేసుకుంది, కొండ మీద ఇచ్చేయడానికే కాబోలు. "కూతురికవ్వా, సీమంతం" అంది నాగవేణి. "తొలిసూరా? తల్లి సేతిది పెట్టల్ల, మంచిది మా, మంచిది" అని ముసలమ్మ కళ్లు మూసుకుంది. తల్లి చేతిది. నలభై ఎనిమిది తల్లి చేతివే అవ్వా, నాదే నడుమ ఇరికించేది అని చెప్పాలనిపించి చెప్పలేదు. సూది ఆ గడి దగ్గర ఆగింది. నాలుగో రేకు, మూడో గడి. నింపాలా, వదలాలా? అచ్చం దీనిమాదిరే అని కదా చెప్పింది, అంటే తప్పును కూడా దించాలి. దించితే రేపు శకుంతలమ్మ అద్దాలు పెట్టుకుని చూస్తుంది, చూసి, కన్నం తనదాంట్లోనే ముందు కనబడుతుంది ఆ కళ్లకు, "సెప్పలా, సాటి రాదని" అంటుంది. అప్పుడు ఏది అసలు ఏది నకలు అని ఎవరితో మొత్తుకునేది? నింపేస్తే? నింపేస్తే అమలది తప్పు, నాగవేణిది ఒప్పు, రెండూ పక్కపక్కన కుట్టి, పదిమంది పేరంటాళ్ల ముందు, "ఒదినా, ఒకపారి ఈడ సూడండి" అని వేలుపెట్టి. వద్దు, వేలు కూడా పెట్టనక్కర్లేదు. తనకు తెలిస్తే చాలు. సూదికి దారం చుట్టింది, పొడుగు కుట్టు ఒకటి, ఇంకొకటి, గడి నిండింది. అంతే. మూడు క్షణాలు పట్టలేదు. పంతొమ్మిదేళ్ల కడుపుమంట మూడు క్షణాల పని అని ముందే తెలిసుంటే బాగుండేది.

ఆరో వరస చేతికి తనంతట తనే నడుస్తోంది. అయినా బుద్ధి ఆ కన్నం చుట్టూనే తిరుగుతోంది. ఎందుకు తప్పింది అమలకు? తక్కినవాటిలో తప్పని చెయ్యి ఆ ఒక్కరోజు ఎందుకు తప్పింది? చదరాన్ని వేళ్లతో నలిపి చూసింది. వదులుగా ఉంది. ట్రంకుపెట్టెలో చూసినప్పటి అట్టముక్క బిగువు లేదు దీంట్లో, ఏళ్లు గడిచి సడలిపోయిందేమో. దారం కూడా సాపుగా లేదు, ఎక్కడికక్కడ చిన్న చిన్న వంకరలు. ఆ రోజు ఒంట్లో బాగాలేదేమో. లేక వాళ్లిద్దరూ పోట్లాడుకున్నారా? అదే అయి ఉంటుంది. డిపో నుంచి ఆలస్యంగా వచ్చి ఉంటాడు, ఈమె ఎదురుచూసి వండిపెట్టి ఉంటుంది, తిని "బాగుండాది" అని ఉంటాడు. ఆమెకు మండి ఉంటుంది, ఎందుకు మండదు, ఆడదే కదా. గోడవైపు తిరిగి కూర్చుని సూది తీసుకుని, కళ్లల్లో నీళ్లు నిండి, మూడో గడి కనబడి ఉండదు. పాపం. పాపం అన్న మాట తన నోట అమలకు రావడం ఇదే మొదలు. ఒక నిమిషం పాటు నాగవేణికి ఆ మనిషి పక్కన కూర్చున్నట్టే అనిపించింది, నీతోనూ అంతేనా చెల్లీ ఈయన అని అడగాలనిపించింది. చెల్లి ఏంటి, వరసకు అక్క కావాలి, కానీ ఇరవై ఆరేళ్ల పిల్లను అక్కా అని ఎలా పిలిచేది? మరు నిమిషానికి మళ్లీ కుళ్లు తన్నుకొచ్చింది. అంటే ఆమెకు ఏడవడానికి ఒక పోట్లాట ఉండేదన్నమాట. తనతో ఆ మనిషి పోట్లాడను కూడా పోట్లాడలేదే! తప్పులో కూడా ఆమెకే ఏదో దక్కింది.

నిజానికి ఆ నలభై ఎనిమిదిలో ఒకటి అమలది కాదు. ఈ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే, తనూ రాజశ్రీ, ఆ పిల్ల ఎప్పుడో మరిచిపోయి ఉంటుంది. నాగవేణి కాపురానికొచ్చి ఆరునెలలు కాలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం చిన్నమ్మ నిద్రపోతోందని చూసి పిల్ల ట్రంకుపెట్టె తెరిచింది. ఒక చదరం తీసి, కొస దొరకబుచ్చుకుని లాగింది. క్రోషా పని ఎంత నేర్పుగా అల్లినా కొస దొరికితే సర్రున ఊడొచ్చేస్తుంది. నాగవేణి లేచి వచ్చేసరికి గచ్చు మీద దారం కుప్ప, వంకరలు వంకరలుగా, నడుమ బిక్కచచ్చిపోయిన పిల్ల. "మొదలు యాడుండాదో సూద్దామని లాగినా. అమ్మ మొదలు పెట్టింది యాడో సూద్దామని. ఏం లేదు ఆడ" అంది. అత్తకు చెప్పొద్దని రెండు చేతులూ పట్టుకుంది. మొదట నాగవేణికి కలిగింది సంతోషం, ఇప్పుడు ఎవరితో దాచేది, నలభై ఎనిమిది కాస్తా నలభై ఏడు అయ్యాయని సంతోషం. ఆ తరవాత పిల్ల వణుకుడు చూసి భయం. శకుంతలమ్మ ఆ సాయంత్రమే వస్తోంది. పెట్టెలోంచి ఇంకో చదరం తీసి ఒళ్లో పెట్టుకుని, దాన్ని చూస్తూ, ఆ వంకర దారంతోనే, బళ్లో వాడిన తన పాత సూదితో మళ్లీ అల్లింది. దారం ఉండ దొర్లిపోకుండా పిల్ల పక్కన కూర్చుని పట్టుకుంది. సాయంత్రానికి చదరం తయారైంది, దొంతర నడుమ ఎక్కడో దూర్చేసింది. శకుంతలమ్మ వచ్చి, లెక్కపెట్టి, అన్నీ ఒకే చేతివి, ఒకే మాదిరివి అని మురిసిపోయింది. వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది నాగవేణి. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ కొంచెం హాయిగా ఉంటుంది. ఎవరికీ దొరకనంత బాగా కలిసిపోయింది తన చదరం. కలిసిపోయింది, అదే బాధ కూడా.

ఫోను మోగింది. రాజశ్రీ. బస్సు హారనుకు వినబడక చెవికి గట్టిగా నొక్కుకుంది.

"చిన్నమ్మా, యాడుండావు?"

"చంద్రగిరి ఇంకా రాలేదే. నువ్వు తిన్నావా?"

"తిన్నా. శకుంతలత్త గాజులన్నీ మంచం మీద పోసుకోని కూసోనుండాది. అల్లిక అయిపోయిందా?"

"ఏడో వరసలో ఉండా." చెప్పాలా వద్దా అనుకుంటూనే నోరు జారింది. జారలేదు, కావాలనే అంది. "ఒక మాట చెప్తా, మీ అత్తకు చెప్పొద్దు. మీ అమ్మ అల్లిందాంట్లో తప్పు పడుండాది."

చెప్పకుండా ఉండాల్సింది అనుకుంది నాగవేణి. నిండు కడుపుతో ఉన్న పిల్లతో అనే మాటేనా అది, నా నోరు పడిపోను.

"ఐదో వరసలోనా?" అంది రాజశ్రీ.

"నీకు తెలుసా?"

"తెలిసే గదా ఏరి ఇచ్చినా. తక్కిన నలభై ఏడింట్లో ఆ కన్నం లేదు చిన్నమ్మా. అది అమ్మది కాదు, నీది. నేను పీకేసింటే నువ్వు మళ్లా అల్లినావే, మరిచిపోయినావా? నీ తొడ మీద పరుచుకోని సూస్తా అల్లతా ఉంటివి, నేను పోయి దాని మీదనే తల పెట్టి పండుకునేసినా. నువ్వు నన్ను లేపలేదు. లేచి అద్దంలో చూసుకుంటే బుగ్గ మీద పువ్వు అచ్చు పడిపోయిండాది."

నాగవేణి నమూనా చదరాన్ని వెలుతురుకు తిప్పింది. "దీన్నెందుకిచ్చినావే నాకు? మీ అమ్మది ఒకటి ఇచ్చింటే తప్పు లేకుండా అల్లేదాన్ని గదా" అంది.

"నలభై ఏడూ ఒక మాదిరి ఉండాయి. అదొక్కటే ఒంటిగా ఉండాది పాపం. దానికి జత గావాలని." మళ్లీ ఏదో అనుమానం వచ్చినట్టు అడిగింది. "కన్నం వదిలినావు గదా?"

"వదిలినా" అంది నాగవేణి. అబద్ధం.

ఫోను సంచిలో వేసింది. గుర్తొచ్చింది. గచ్చు చల్లదనం గుర్తొచ్చింది, గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చోవడం గుర్తొచ్చింది. ఐదో వరసలో మూడు రేకులయ్యాయి, నాలుగోదానికి చూద్దునుగదా తొడ మీద చదరం లేదు, దాని మీద తల ఉంది. నూనె జుట్టు వాసన. దారం ఉండ పిల్ల గుప్పిట్లోనే ఉంది. ఆరునెలలుగా మంచానికి ఆ చివర ముడుచుకుని పడుకునే పిల్ల, చెయ్యి వేస్తే దులిపేసే పిల్ల, తనంతట తను వచ్చి తల పెట్టింది. కదిలితే లేస్తుంది. లేస్తే మళ్లీ ఆ చివరికి పోతుంది. చదరం దాని బుగ్గ కింద నుంచి లాగడానికి చెయ్యి రాలేదు, నాలుగో రేకు గుడ్డిగా, జ్ఞాపకం మీద అల్లింది. కాలు తిమ్మిరెక్కి మొద్దుబారిపోయింది, ఆ కాలిని అలాగే ఉంచింది, ఎంతసేపో. ఇందాక పోట్లాట అనీ కన్నీళ్లనీ ఎన్ని కట్టింది తను, ఆ కన్నం చుట్టూ! ఎవరి మీద కుళ్లుకుంది ఇంతసేపూ? తన మీదే. తనను చూసి తనే ఏడ్చింది, నెత్తి కొట్టుకోవాలి. నవ్వొచ్చింది, నవ్వుతోనే కళ్లు నిండాయి. తుడుచుకోలేదు, తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు. అప్పటికే సూది తీసేసి కొస పట్టుకుని లాగుతున్నాయి.

ఏడో వరస పోయింది. ఆరోది పోయింది. ఐదోదాంట్లో తను నింపిన గడి వచ్చి, రెండు కుట్లూ టపటపా విడిపోయి, అదీ పోయింది. అక్కడ ఆగవచ్చు. ఆగలేదు. పళ్లు బిగించి లాగి లాగి అల్లిన అల్లిక అంతా అమల బిగువు, ఆ బిగువుతో అల్లితే దీనికి జత ఎలా అవుతుంది? నాలుగు, మూడు, రెండు, ఒకటి, నడుమ సున్నా కూడా విడిపోయి, ఒళ్లో దారం కుప్ప మిగిలింది, వంకరలు వంకరలుగా. ముసలమ్మ కళ్లు తెరిచింది. "అయ్యో, ఏం మా అట్ల పీకేసినావు? తప్పు పడిందా?"

"తప్పు పడలేదవ్వా, అందుకే" అంది నాగవేణి.

చూపుడువేలికి చుట్టిన దారంలో ఒక చుట్టు విప్పేసింది. సూదిని ఆ అరిగినచోట పట్టుకోవడం మానేసి, పైన, తనకు ఇమిడేచోట పట్టుకుంది. మళ్లీ సున్నా, మళ్లీ మొదటి వరస. వదులు చేతికి వేగం ఎక్కువ. కుట్లు గాలాడుతున్నాయి, ఆడనీ. చంద్రగిరి వచ్చిందో, ఎవరెక్కారో, ఎవరు దిగారో చూడలేదు. మూడో వరసలో ఉండగా ఊరు మొదలైంది, బండ్లు అడ్డం పడి బస్సు నడక కంటే మెల్లగా పోయింది, డ్రైవరు ఎవరినో తిడుతున్నాడు, నాగవేణికి అదే కావాలి. తయారైన చదరంతో దిగడం ఇక కాని పని. ఈ రాత్రి రాజశ్రీ ఇంట్లో శకుంతలమ్మ ముందరే కూర్చుని అల్లాలి, ఆమె అమల ఇట్ల పట్టుకునేది అంటుంది, అననీ, నేను ఇట్ల పట్టుకుంటానొదినా అని చెప్తుంది. కన్నం చూసి తప్పు అంటుందా, అననీ, నాదే అని చెప్తుంది. రెండూ నావే. నలభై ఏడు ఆమెవి, రెండు తనవి. నలభై ఏడు! కుళ్లు యాడికీ పోలేదు, ఉండాల్సిన చోటే ఉంది, మునిశేఖర్ ఆ మూడోసారి సూది ఎందుకు తుడిచాడో రేపు సీమంతానికి వస్తే అడగాలి. ఆ ఆదివారం పిల్ల ఇంకో రెండు పీకేసినా బాగుండేది. ఒకదాన్ని ఏ మూలకు పెట్టాలి, రెండోదాన్ని దాని పక్కనే కుట్టాలా, ఎదురుగానా? పక్కనే. పిల్ల కుడిచెయ్యి ఆనేచోట.

బస్సు ఆగింది. జనం మూటలెత్తుకుని నడవలో తోసుకున్నారు. ముసలమ్మ "వస్తా మా, బిడ్డ సల్లగా ఉండాల" అని భుజం మీద చెయ్యేసి దిగిపోయింది. నాగవేణి లెక్కపెడుతోంది. నాలుగో రేకు, ఐదో వరస. ఒకటి నిండింది. రెండు నిండింది.

"అమ్మా, తిరుపతి వచ్చేసింది. దిగేది లేదా?" కండక్టరు మెట్టు దగ్గర నుంచి కేకేశాడు.

"ఒక్క గడి ఉండాదన్నా, ఉండు" అంది తలెత్తకుండా.

"ఇంటికి పోయి అల్లుకోగూడదా తల్లీ?"

సూదికి దారం తగిలించి గొలుసు కుట్టు ఒకటి వేసింది, ఇంకొకటి వేసింది, గడి వెడల్పంతా ఖాళీగా వదిలి, ఆవలి పక్క సూది గుచ్చింది.